పక్షవాతం తర్వాత మాత్రలు: అమెరికాలో జాతుల మధ్య తేడా ఎక్కడ పుడుతోంది?

అమెరికాలో నల్లజాతివారికి తొలిసారి పక్షవాతం వచ్చే ముప్పు తెల్లవారితో పోలిస్తే దాదాపు రెట్టింపు. అది మళ్లీ రాకుండా రోజూ వేసుకోవాల్సిన బీపీ మాత్రలు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ల వాడకంలోనూ నల్లజాతి పెద్దవాళ్లు వెనకబడ్డారని అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ లెక్కలు పదేపదే చెబుతున్నాయి. వాళ్లకు శ్రద్ధ తక్కువని అనేయడం తేలిక. ఆ లెక్క ఎలా కడతారో చూస్తే అంత తొందరపడి అనలేం.

రోగి మాత్ర మింగాడా లేదా అన్నది ఎవరూ చూడరు. మందుల షాపు నుంచి బీమాకు వెళ్లిన బిల్లులు తీసి, 180 రోజుల్లో ఎన్ని రోజులకు సరిపడా మాత్రలు చేతిలో ఉన్నాయో చూస్తారు. 80 శాతం ఉంటే సరిగా వాడినట్టు, అంతకు తగ్గితే వాడనట్టు. నెలకు 30 మాత్రలు తెచ్చుకునే పెద్దాయన ప్రతిసారీ 10 రోజులు ఆలస్యంగా షాపుకు వెళ్లాడనుకుందాం. చేతిలో మాత్రలున్నవి 140 రోజులు, అంటే 78 శాతం. ఆయన ఫెయిలైనట్టే. డాక్టరు ఒకేసారి 90 మాత్రలకు చీటీ రాసి ఉంటే ఆ 10 రోజుల ఆలస్యం ఒక్కసారే జరిగేది. అప్పుడు 170 రోజులు, 94 శాతం.

ఈ కొలతకు చిల్లులూ ఉన్నాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్‌ను చీటీ లేకుండా కొనుక్కుంటే ఇందులోకి రాదు. వాల్‌మార్ట్ 2006లో కొన్ని జెనరిక్ మందులను నెలకు 4 డాలర్లకే అమ్మడం మొదలుపెట్టింది. బీమా కార్డు చూపకుండా చేతి డబ్బుతో కొంటే అవీ కనిపించవు.

చిల్లులు పూడ్చినా తేడా పూర్తిగా పోదు. షికాగోలో నల్లజాతివారు ఎక్కువగా ఉండే దక్షిణ, పడమటి పేటల్లో చాలామందికి దగ్గర్లో మందుల షాపే లేదని 2014లో ఒక అధ్యయనం చూపింది. పక్షవాతం తర్వాత కారు నడపడం మానేసిన మనిషికి ఒక మందు 3న, మరొకటి 12న, ఇంకొకటి 20న అయిపోతుంటే నెలకు మూడు బస్సు ప్రయాణాలు. అన్నీ ఒకే తేదీకి కలపమని ఫార్మసిస్టును అడగొచ్చు.

ఇంటికి తెచ్చాకా చిక్కులే. అక్కడి మందు డబ్బాలకు 1970 నాటి చట్టం ప్రకారం పిల్లలు తీయలేని మూత ఉంటుంది. డబ్బాను ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో మూత నొక్కి తిప్పాలి. ఒక చెయ్యి పడిపోయిన మనిషి ఎలా తీస్తాడు? మామూలు మూత పెట్టమంటే పెడతారు, కానీ అలా అడగొచ్చని డిశ్చార్జి రోజున చెప్పేవాళ్లు అరుదు. మూత్రం ఎక్కువగా తెప్పించే బీపీ మాత్రదీ ఇదే వరస. గబగబా బాత్రూముకు నడవలేనివాళ్లు బయటికి వెళ్లాల్సిన రోజున దాన్ని పక్కన పెట్టేస్తారు. లిసినోప్రిల్ లాంటి బీపీ మాత్రలతో పెదాలు, నాలుక వాచిపోవడం నల్లజాతివారిలో ఎక్కువ. అలా వాచినవాళ్లు ఆ మందు మానేయడమే సరైన పని. దాని బదులు మరో మందు వెంటనే రాసివ్వకపోతే తప్పు డాక్టరుది, లెక్కలో పడేది మాత్రం రోగి పేరు. అలబామాలోని టస్కిగీలో 1932 నుంచి 1972 దాకా వందలమంది నల్లజాతి సిఫిలిస్ రోగులకు వైద్యం అందకుండా చేసి గమనిస్తూ కూర్చున్న చరిత్ర ఉంది. ఆస్పత్రి మాట మీద అనుమానం ఊరికే పుట్టలేదు.

ఖర్చు సంగతి గుండెపోటు రోగుల మీద జరిగిన ఒక ప్రయోగంలో తేలింది. మందులకు రోగి కట్టే వాటాను పూర్తిగా ఎత్తేస్తే, తెల్లవారు కానివారిలో గుండె, రక్తనాళాల పెద్ద ప్రమాదాలు, మూసుకున్న రక్తనాళాలు తెరిచే ఆపరేషన్లు కలిపి 35 శాతం తగ్గాయి. మెడికేర్‌లో రోగి ఏడాదికి మందులకు పెట్టే ఖర్చుకు 2025 నుంచి కట్టడి వచ్చింది; ఆ ఏడాది అది 2,000 డాలర్లు.

నాలుగు మందులను ఒకే మాత్రగా ఇవ్వడం మరో దారి. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ తయారుచేసిన అలాంటి మాత్రను భారత్, యూరప్‌లలో 2,004 మందిపై పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే మాత్ర తీసుకున్నవారిలో 86 శాతం, విడివిడిగా వాడినవారిలో 65 శాతం మంది మందు మానకుండా వాడారు. 2019లో అలబామాలోని మొబైల్ నగరంలో 303 మందిపై వేరే మందులు కలిపిన మాత్రతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. వాళ్లలో 96 శాతం నల్లజాతివారు, ముప్పావు వంతు మంది ఏడాది ఆదాయం 15,000 డాలర్ల లోపు. మాత్ర ఖర్చు నెలకు 26 డాలర్లు. ఏడాది తర్వాత కూడా ఆ మాత్ర వాడకం 86 శాతం ఉంది. మామూలు వైద్యం పొందినవారి కంటే వీళ్లలో బీపీ పై అంకె 7 పాయింట్లు ఎక్కువ తగ్గింది.