చెర్రీ మొగ్గ చలిని లెక్కపెట్టే తీరు

ఆకు రాల్చిన చెర్రీ కొమ్మను తెచ్చి, వెచ్చని గదిలో నీళ్లలో నిలబెట్టి నెల దాటినా ఒక్క మొగ్గ కూడా విచ్చలేదని, ఆ కొమ్మ చచ్చిపోయిందేమోనని ఒక పాఠకురాలు అడిగారు. చచ్చిపోలేదు, దానికి ఇంకా చాలినంత చలి తగలలేదు.

శీతాకాలంలో చెట్టు నిద్రపోతుందని పాఠాల్లో చెప్పి ఊరుకుంటాము. నా దృష్టిలో ఆ మాట పిల్లల కుతూహలాన్ని అక్కడితో ఆపేస్తుంది. నిజానికి ఆ నెలల్లో మొగ్గ తాను చూసిన చలిని పోగుచేసుకుంటూ ఉంటుంది. అది నిండేదాకా ఎంత వెచ్చదనం తగిలినా కదలదు. ఆ పట్టుదలే లేకపోతే, నడిశీతాకాలంలో వచ్చే నాలుగు ఎండ రోజులను వసంతమని నమ్మి పూసి, మరుసటి మంచుకు మాడిపోతుంది.

ఈ లెక్కను మనుషులు మొదట సులువుగా కట్టారు. సున్నాకూ 7.2 డిగ్రీల సెల్సియస్‌కూ మధ్య గడిచిన గంటలను కూడితే శీతల గంటలు వస్తాయి. తియ్య చెర్రీ రకాల్లో చాలావాటికి అవి సుమారు 800 నుంచి 1200 దాకా కావాలి. అయితే చలి గంటలు సమానంగా పడిన రెండు తోటల్లో, మధ్యాహ్నాలు వేడెక్కే తోట వెనకబడుతుంది. అందుకే 1974లో అమెరికాలోని యూటా పరిశోధకులు వేడి గంటలను తీసివేసే పద్ధతి తెచ్చారు. 1980లలో ఇజ్రాయెల్‌లో అమ్నాన్ ఎరెజ్, ఫిష్మన్ తదితరులు రూపొందించిన నమూనా ఇంకా లోతైనది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

దాన్ని కుమ్మరి పనితో పోల్చవచ్చు. చలి పచ్చికుండను చేస్తుంది. ఈ పోలికలో వెచ్చదనమే వాన. అది కురిస్తే, చేస్తూ ఉన్న పచ్చికుండ కరిగి మళ్లీ మట్టి అవుతుంది. కుండ పూర్తయిన వెంటనే మాత్రం అది ఆవంలో కాలి అటక మీదికి చేరుతుంది, ఇక ఏ వానా దాన్ని కరిగించలేదు. ఆరు డిగ్రీల దగ్గర ఒక కుండ పూర్తి కావడానికి ఒక రోజుకు కాస్త పైగా పడుతుంది. అందువల్ల రాత్రంతా చేసిన పనిని మధ్యాహ్నపు ఎండ కరిగించవచ్చు గానీ, కిందటి వారం పూర్తయిన కుండలను ముట్టుకోలేదు. గడ్డకట్టే చలిలో కుమ్మరి చేతులు కూడా కదలవు. ఎంత చలి అయితే అంత మేలన్న నమ్మకం ఇక్కడ తప్పు.

అటక కుండలతో నిండకుండానే వసంతం వస్తే పూత వారాల తరబడి చెదురుమదురుగా వస్తుంది. చాలా తియ్య చెర్రీ రకాలు తమ పుప్పొడితో తాము కాయలేవు కనుక, పరాగం ఇవ్వవలసిన రకం పూసే రోజులు తప్పిపోతే పూలుండీ కాయ నిలవదు.

మొగ్గ లోపల ఏం జరుగుతుందో పాప్లార్ చెట్లలో స్పష్టంగా చూశారు. అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ ప్రభావంతో కణాల నడుమ ఉన్న సన్నని ద్వారాలను కాలోస్ అనే పదార్థం మూసివేస్తుంది. దీర్ఘమైన చలిలో జిబ్బరెల్లిన్లనే మరో రకం హార్మోన్ల తోడ్పాటుతో కాలోస్‌ను కరిగించే ఎంజైములు ఆ ద్వారాలను మళ్లీ తెరుస్తాయి.

తోటలో శీతాకాలపు పని అంతా ఈ మొగ్గ చుట్టూనే తిరుగుతుంది. తీవ్రమైన చలి వచ్చిన తర్వాత రైతు కొమ్మలు తెచ్చి ఒక రోజు గదిలో ఉంచి, పదునైన బ్లేడుతో మొగ్గను అడ్డంగా కోస్తాడు. లోపల రెండు నుంచి నాలుగు పసిపూలు గుండ్రంగా, గుండుసూది తలంత కనిపిస్తాయి; ఒక్కొక్కదాని నడిమి చుక్క పచ్చగా ఉంటే బతికుంది, గోధుమరంగు తిరిగితే చచ్చింది. వందకు ఎన్ని చచ్చాయో తేలాకే కత్తిరింపు మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే నష్టం ఎక్కువైతే ఎక్కువ కొమ్మను మిగల్చాలి. తడి రోజున మాత్రం కత్తెర పట్టకూడదు: తాజా గాయం గుండా సూడోమోనాస్ సిరింజే బాక్టీరియా దూరి, బెరడు కుళ్లి బంక కారేలా చేస్తుంది. ఎండకు వేడెక్కిన మాను సూర్యాస్తమయంతో ఒక్కసారిగా గడ్డకట్టి పగలకుండా మొదలుకు తెల్లరంగు పూయడం కూడా ఈ కాలంలో చేసే పనే.

ఇక పాఠకురాలి కొమ్మ సంగతి. చెట్టు మీదే మరికొన్ని వారాలు చలి తిననిచ్చి, వారానికొక కొమ్మ చొప్పున కోసి నీళ్లలో పెట్టి చూడండి. ఏ వారం కొమ్మ మొదటిసారి రెండు మూడు వారాల్లో పూస్తుందో, ఆ వారానికి ఆ చెట్టు అటక నిండినట్టు.