బియ్యపు గింజ కన్నా చిన్న ఎర

వానాకాలం చెరువు పక్క వీధిదీపం చుట్టూ సన్నటి పురుగులు మూగుతాయి. చూస్తే దోమల్లా ఉంటాయి గానీ కుట్టవు. వీటిని మిడ్జ్‌లంటారు. నిలవ నీటి అడుగున మెలికలు తిరిగే ఎర్రటి పురుగులు వీటి లార్వాలే. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. మన నెత్తుటిలో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ అది ఉంది కాబట్టే, ఆక్సిజన్ సరిగా అందని బురదలోనూ బతకగలుగుతున్నాయి.

అమెరికాలో కొలరాడో నది మీద, గ్లెన్ కాన్యన్ ఆనకట్ట దిగువన లీస్ ఫెర్రీ అనే చోటుంది. అక్కడ ట్రౌట్ చేపల కోసం గాలం వేసేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఈ పురుగు గురించే. 1963లో ఆనకట్ట నదిని ఆపింది. ఒకప్పుడు ఒండ్రుతో ఎర్రగా పారిన నది, జలాశయం లోతుల్లోంచి వచ్చే నీళ్లతో చల్లగా, తేటగా మారింది. మరుసటి ఏడాది అందులో రెయిన్‌బో ట్రౌట్‌ను వదిలారు. మిగతా నదుల్లో ట్రౌట్‌కు మేఫ్లై, కాడిస్‌ఫ్లై లాంటి పెద్ద పురుగులు దొరుకుతాయి. ఇక్కడ అవి దాదాపు లేవు. మిడ్జ్‌లు మాత్రం నిలిచాయి.

అంత చిన్న పురుగుతో అంత పెద్ద చేపకు కడుపెలా నిండుతుంది? లార్వాకు, రెక్కల పురుగుకు నడుమనుండే ప్యూపా దశ చూస్తే అర్థమవుతుంది. రెక్కలు తొడిగే వేళకు ప్యూపా పైచర్మం కింద గాలి చేరుతుంది. ఆ గాలితో వెండిలా మెరుస్తూ మెల్లగా పైకి తేలుతుంది. నీటి పైపొర దగ్గరికొచ్చి, దాన్ని చీల్చుకునే దాకా వేలాడుతుంది. అప్పుడు పారిపోవడం దానికి చేతకాదు. వందలకొద్దీ ఒకేసారి లేస్తాయి. ట్రౌట్ వెంటాడక్కర్లేదు, ఉన్నచోటే నోరు తెరిస్తే చాలు.

లీస్ ఫెర్రీలో పుట్టిన జీబ్రా మిడ్జ్ అనే ఎర ఆ ప్యూపాకు నకలు. 20వ నంబరు గాలపు ముల్లు తీసుకుంటారు. నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. తలకాడ చిన్న లోహపు పూస, ఒంటికి నల్లదారం, దాని మీద ఎడం ఎడంగా చుట్టిన సన్నటి వెండి తీగ. అంతే. పూస బరువుకు ఎర మునుగుతుంది, తీగ మెరుపు లోపలి గాలిని తలపిస్తుంది. ఇంత పొదుపైన నకలు ఇంకొకటి ఉందనుకోను. నీటి మీద గుంపుకట్టిన రెక్కల మిడ్జ్‌లకు నకలు గ్రిఫిత్స్ నాట్ అనే ఇంకో ఎర. దానికి కావలసింది నెమలి ఈక పీచు, కోడిపుంజు మెడ ఈక.

మరి ఆ మేఫ్లై, కాడిస్‌ఫ్లై లాంటి పెద్ద పురుగులు ఏమైనట్టు? కరెంటు గిరాకీని బట్టి ఆనకట్ట నుంచి నీళ్లు రోజూ ఎక్కువా తక్కువా వదులుతారు. చాలా పురుగులు ఒడ్డు రాళ్లకు, నీటి అంచునే గుడ్లు పెడతాయి. నీళ్లు తగ్గగానే అవి ఎండిపోతాయి. అదే నది మీద దిగువనున్న గ్రాండ్ కాన్యన్ లోయలో పడవవాళ్లు సాయంత్రాలు దీపం పెట్టి పట్టిన పురుగులను శాస్త్రవేత్తలు లెక్కపెట్టారు. సందెవేళకు నీటిమట్టం తక్కువగా ఉండే చోట్ల మిడ్జ్‌లు ఎక్కువ. ఆ లెక్క చూసే 2018లో మే నుంచి ఆగస్టు దాకా, శని ఆదివారాల్లో నీటిని తక్కువ మట్టంలో నిలకడగా వదిలి చూశారు. శనివారం సందెవేళ పెట్టిన గుడ్లు, సోమవారం నీళ్లు పెరిగాక ఇంకాస్త లోతుకు పోతాయి గానీ ఎండవు.