మూతపడిన కంపెనీల టేప్ రికార్డర్లు: అపోహలు - వాస్తవాలు

"ఆ కంపెనీ ఎప్పుడో మూసేశారండి, దీనికింక సామాను దొరకదు." శ్రీకాకుళం, విజయనగరం వైపు పాత సెట్టు పట్టుకొచ్చే వాళ్లలో చాలామంది ముందు అనే మాట ఇదే. ఈ మాట నమ్మి బాగుపడే సెట్లను పాత ఇనుముకి వేసేస్తున్నారు. వాటితోపాటు తాతగారి హరికథ, ఊళ్లో పట్టిన జముకుల కథ ఉన్న కేసెట్లు కూడా పోతున్నాయి. సెట్టు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఆ గొంతులు మళ్లీ రావు.

అపోహ: కంపెనీ లేదు, రిపేరు కాదు.

కొన్నేళ్లు అమ్మి కనుమరుగైన కంపెనీల్లో చాలావాటికి సొంత మెకానిజమే, అంటే టేపును నడిపే లోపలి యంత్రమే లేదు. ఇంగ్లండులో 1950ల చివర్లో బీఎస్ఆర్, కొల్లారో అనే కంపెనీల వాళ్లు టేపు డెక్కులు, అంటే ఈ మెకానిజాలు చేసి అమ్మేవారు. చిన్న కంపెనీలు వాటికి ఆంప్లిఫయరు, పెట్టె కలిపి తమ పేరు వేసుకునేవి. 1963లో ఫిలిప్స్ కాంపాక్ట్ కేసెట్టు తెచ్చి, తర్వాత రుసుము లేకుండా లైసెన్సు ఇచ్చాక ఈ పద్ధతి ఇంకా పెరిగింది. జపాను తనాషిన్ మెకానిజం ఎన్నో పేర్ల సెట్లలో కనిపిస్తుంది. అందుకే మూత మీద పేరు వదిలేసి, మూత విప్పి మెకానిజం చూడండి. అదే రకం ఉన్న వేరే పేరు పాడైన సెట్టు దొరికితే గేర్లు, హెడ్డు (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం), పించ్ రోలరు (టేపును నొక్కి నడిపే రబ్బరు చక్రం) అన్నీ పనికొస్తాయి.

మోటారు మోత వినిపిస్తూ చక్రాలు కదలకపోతే సాధారణంగా బెల్టే పోయి ఉంటుంది. పాత రబ్బరు కరిగి తారులా పుల్లీలకి అంటుకుంటుంది. ప్లగ్గు తీసి, ఇయర్ బడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది జిడ్డు మొత్తం తుడవండి. థిన్నర్ వాడితే ప్లాస్టిక్ కరుగుతుంది. తర్వాత బెల్టు నడిచే దారిలో పుల్లీల చుట్టూ దారం బిగువుగా చుట్టి కొలవండి. ఆ పొడవులో 5 శాతం తగ్గించి బెల్టు అడగండి. చదును బెల్టయితే వెడల్పు కూడా చెప్పాలి. మరీ బిగువైతే మోటారు బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) అరుగుతుంది, వదులైతే పాట ఊగుతుంది. బెల్టు మార్చాక కూడా పాట వేగంగానో నెమ్మదిగానో ఉంటే, చాలా మోటార్ల వెనక చిన్న రంధ్రంలో స్పీడు స్క్రూ ఉంటుంది. ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో వెంట్రుకవాసి తిప్పితే చాలు.

అపోహ: టేపు నమిలేసిందంటే కేసెట్టు పాతది.

కాదు. టేపు చుట్టుకోవాల్సిన రీలు తిరగకపోతే, కాప్స్టన్ (టేపును లాగే సన్నని ఇరుసు) దాటిన టేపు పోయి పించ్ రోలరుకి చుట్టుకుంటుంది. ఆ రీలు తిప్పే బెల్టో, ఐడ్లరో (రీలుని తిప్పే చిన్న చక్రం) చూడండి. నూనె వేస్తే కాప్స్టన్ బుష్‌కి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క. బెల్టుకి, రోలరుకి తగిలితే జారిపోతాయి.

అపోహ: గల్ఫ్ సెట్టు మన కరెంటుకి పనికిరాదు.

వెనక 110-220 మీట ఉందేమో చూడండి, ఉంటే 220కి మార్చాకే ప్లగ్గు పెట్టండి. 110లో ఉంచి మన 230 వోల్టులకి పెడితే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

అపోహ: బూజు పట్టిన కేసెట్టు ఎండలో పెడితే బాగవుతుంది.

ఎండకి కేసు వంగిపోతుంది, ఒక్కోసారి టేపే ముడుచుకుపోతుంది. సముద్రం తేమకి మన వైపు బూజు ఎక్కువ, కంగారు పడకండి. దాన్ని అలాగే ప్లే చేస్తే హెడ్డుకి అంటుకుని తర్వాతి కేసెట్టుకి పాకుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, కేసు స్క్రూలు విప్పి, మెత్తని పొడి గుడ్డ మధ్య నుంచి టేపును చేత్తో నెమ్మదిగా లాగుతూ వేరే రీలుకి చుట్టండి. తర్వాత మంచి కేసులోకి మార్చండి. కేసులో టేపు వెనక ఉండే ఫెల్టు ముక్క ఊడిపోయినా శబ్దం మందగిస్తుంది, అదీ మార్చాలి. తుఫాను నీళ్లలో తడిసిందైతే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నీడలో ఆరబెట్టాలి.

శుభ్రం చేశాక కూడా గొంతు మందంగా వస్తే, అది రికార్డు చేసిన సెట్టులో హెడ్డు కాస్త వాలి ఉండొచ్చు. హెడ్డు పక్క స్ప్రింగున్న స్క్రూ మీద పెయింటుతో గుర్తు పెట్టుకుని, పాట వింటూ కొద్దికొద్దిగా తిప్పండి. 'స', 'శ' స్పష్టంగా పలికిన చోట ఆపి కాపీ చేసుకోండి. కాపీ అయ్యాక స్క్రూ మళ్లీ గుర్తుకి తెచ్చేయాలి, లేకపోతే మిగతా కేసెట్లన్నీ మందంగా వినిపిస్తాయి.