గాలిలో కార్బన్ పెరిగితే పంటా పెరుగుతుందా?

వాతావరణ మార్పు మీద చర్చ వచ్చినప్పుడల్లా ఒక వాదన వినిపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ మొక్కలకు ఆహారమే కదా, అది పెరిగితే పచ్చదనం, దిగుబడి రెండూ పెరుగుతాయి, ఇక టెన్షన్ ఎందుకు అని. ఇందులో నిజం ఉంది. లేనిది కాలం లెక్క. అదనపు కార్బన్ ఇచ్చిన మొక్కను ఎన్నాళ్లు గమనించారన్నదాన్ని బట్టి జవాబు మారుతూ వచ్చింది.

1804లోనే జెనీవా శాస్త్రవేత్త థియోడోర్ ద సోస్యూర్ ఈ వాయువు ఎక్కువున్న గాలిలో, ఎండలో బఠానీ మొక్కలు పెంచి చూశాడు. అవి మామూలు గాలిలో కన్నా ఏపుగా పెరిగాయి. మోతాదు మితిమీరితే చచ్చిపోయాయి. అసలు కారణం తెలియడానికి 1971 దాకా ఆగాల్సి వచ్చింది. ఆకులో కార్బన్‌ను పట్టే ఎంజైమ్ పేరు రుబిస్కో. అది కార్బన్ డయాక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను కూడా పట్టుకుంటుందని, అలా పట్టుకున్నప్పుడల్లా మొక్క నష్టపోతుందని అమెరికాలో బోవ్స్, ఆగ్రెన్, హేగ్‌మన్ చూపించారు. వరి, గోధుమ, పత్తి, వేరుశనగ, కంది, ఇవన్నీ ఈ నష్టం భరించే సీ3 మొక్కలే. గాలిలో కార్బన్ పెరిగితే ఆ పొరపాటు తగ్గుతుంది కాబట్టి కిరణజన్య సంయోగక్రియ వెంటనే వేగం అందుకుంటుంది. చెరకు, మొక్కజొన్న, జొన్న, సజ్జ వేరే దారి పట్టాయి. రుబిస్కో చుట్టూ కార్బన్‌ను ముందే పోగుచేసుకుంటాయి గనుక వాటికి అదనపు లాభం పెద్దగా ఉండదు. ఈ సీ4 దారిని 1966లో ఆస్ట్రేలియాలో హాచ్, స్లాక్ చెరకు మీద పనిచేస్తూ వివరించారు.

ఈలోగా గాలి మారిపోతోంది. హవాయిలోని మౌనాలోవాలో 1958లో చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్లలో సుమారు 315 ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. 1983లో బ్రూస్ కింబాల్ అప్పటిదాకా జరిగిన 430 పరిశీలనలను ఒకచోట చేర్చి, ఈ వాయువు రెట్టింపైతే దిగుబడి 33 శాతం దాకా పెరగవచ్చని లెక్కవేశాడు. ఆశావాదులకు బలమిచ్చిన అంకె ఇది. అయితే వాటిలో ఎక్కువ భాగం గ్రీన్‌హౌస్‌లలో, చాంబర్లలో చేసినవి. 1980ల చివర మొదలైన ‘ఫేస్’ పద్ధతిలో గోడలు తీసేశారు. ఆరుబయట పొలం చుట్టూ పైపులు అమర్చి గాలిలోకే వాయువు వదిలారు. 2006లో స్టీఫెన్ లాంగ్ బృందం ఆ ఫలితాలన్నీ చూసి, పంటలకు వచ్చే లాభం పాత అంచనాల్లో దాదాపు సగమేనని తేల్చింది.

అసలు సంగతి ఏళ్లు గడిచాక బయటపడింది. అమెరికాలోని ఓక్‌రిడ్జ్‌లో స్వీట్‌గమ్ చెట్ల తోటకు 1998 నుంచి అదనపు కార్బన్ ఇచ్చారు. 2001-03 ప్రాంతంలో ఎదుగుదల మామూలు చెట్ల కంటే 24 శాతం ఎక్కువ. 2008 నాటికి అది 9 శాతానికి పడిపోయింది. నేలలో అందుబాటులో ఉన్న నత్రజని సరిపోలేదు. కార్బన్ ఎంత దొరికినా నత్రజని లేకుండా మొక్క కొత్త ఆకు వేయలేదు, రుబిస్కోనూ తయారుచేసుకోలేదు. పైగా ఆకులో చక్కెరలు పేరుకుపోతే మొక్క తనంతట తానే రుబిస్కోను తగ్గించుకుంటుంది. ఇలాంటి ప్రయోగమే జరిగిన అమెరికాలోని డ్యూక్ అడవిలో పైన్ చెట్లు మాత్రం వేళ్లను విస్తరించి మరింత నత్రజని లాక్కుని ఏళ్ల తరబడి లాభం నిలుపుకున్నాయి. ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఇదే ప్రయోగం చేసిన యూకలిప్టస్ అడవి నేలలో భాస్వరం కరువు. అక్కడి చెట్లు అదనంగా పీల్చిన కార్బన్‌లో చాలా భాగం శ్వాసక్రియలో మళ్లీ గాలిలోకే పోయింది. అంటే తీర్పు చెప్పేది గాలి ఒక్కటే కాదు, నేల కూడా.

అన్నిటికన్నా ఆలోచనలో పడేసేది అమెరికాలోని మిన్నెసోటాలో, సీడర్ క్రీక్ గడ్డి మైదానానికి అదనపు కార్బన్ ఇచ్చి చేసిన ప్రయోగం. మొదటి 12 ఏళ్లు అంతా పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే జరిగింది. సీ3 గడ్డి బాగా పెరిగింది, సీ4 గడ్డిలో మార్పు లేదు. తర్వాతి 8 ఏళ్లలో అది తలకిందులైంది. ఆ ప్రయోగాన్ని పదో ఏట ఆపేసి ఉంటే మనకు ఈ మలుపు తెలిసేదే కాదు. అందుకే రెండు మూడు సీజన్ల ఫలితం పట్టుకుని వందేళ్ల భవిష్యత్తు చెప్పేవారిని నేను నమ్మలేను.

పొలంలో యూరియా వేస్తాం కదా, నత్రజని కొరత ఎక్కడిది అనవచ్చు. నిజమే, ఎరువు బాగా అందిన వరిలో దిగుబడి లాభం చాలావరకు నిలుస్తుంది. ఎండలు ముదిరి పూత సమయంలో గింజ తాలుపోతే ఆ లాభం మిగలదు. గింజ నిండినా దాని నాణ్యత వేరే సమస్య. 2014లో శామ్యూల్ మైయర్స్ బృందం పది లక్షల పాళ్లలో 550 స్థాయి దగ్గర పండిన వరిలో ఇనుము సుమారు 5 శాతం, జింకు 3 శాతం, ప్రొటీన్ దాదాపు 8 శాతం తగ్గాయని ప్రకటించింది. తెలుగు రాష్ట్రాల్లో సగానికి పైగా మహిళలకు ఇప్పటికే రక్తహీనత ఉంది. రోజూ మూడు పూటలా అన్నమే ఆధారమైన ఇళ్లకు, క్వింటాళ్ల లెక్క కన్నా ఆ 5 శాతమే పెద్ద లెక్క.