ఎక్కేటప్పుడు కార్బొరేటర్, దిగేటప్పుడు బ్రేకు

మా ఇంట్లో ఒక పాత హీరో హోండా స్ప్లెండర్ ఉంది. నాన్న 2003లో కొన్నది. మొన్న ఎండాకాలం రెండు నెలలు దాన్ని కదపకుండా మెట్ల కింద పెట్టేశాం. తర్వాత తీసి కిక్కు కొడితే చోక్ వేస్తే గానీ అందుకోదు. అందుకున్నా, చోక్ తీయగానే ఆగిపోతుంది. ఫోన్లో మా బండి మేస్త్రీకి చెప్పాను. బండి చూడకుండానే "స్లో జెట్ మూసుకుపోయింది సార్" అనేశాడు.

చూడకుండా ఎలా చెప్పాడా అనిపించి, ఆ ఆదివారం పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్‌ను నేనే విప్పాను. ఒక తప్పు కూడా చేశాను. అది తర్వాత చెబుతాను.

ముందు ఒక చిన్న లెక్క. ఈ ఇంజను 97.2 సీసీ. అంటే యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు పిస్టన్ ఒక్కసారి కిందికి దిగితే మహా అయితే 97 ఘన సెంటీమీటర్ల గాలి లోపలికి వస్తుంది. ఒక చిన్న టీ గ్లాసెడు. ఆ గాలి బరువు గ్రాములో దాదాపు తొమ్మిదో వంతు. పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావాలి. లెక్క కడితే ఒక్కో గుక్కకు కావాల్సిన పెట్రోలు ఒక చుక్కలో ఐదో వంతు. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజను ఇలాంటి గుక్కలు 3,000 తాగుతుంది. ప్రతిసారీ చుక్కలో ఐదో వంతు కొలిచి, మంచులాగా చిదిపి, గాలిలో కలిపి పంపాలి. ఈ పనంతా ఒక్క తీగ కరెంటు లేకుండా, పిడికిట్లో పట్టే లోహపు ముద్ద ఒకటి చేస్తోంది.

ఇంజను పెట్రోలును పీలుస్తుందని అందరూ అంటారు. నిజానికి తోసేది వాతావరణం. లేత టెంకాయలో స్ట్రా వేసి తాగేటప్పుడు మన నోట్లో పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్లను నొక్కి పైకి పంపుతుంది. టెంకాయ బొక్కకు నోరు గట్టిగా ఆనించి, గాలి చొరబడకుండా తాగి చూడండి, రెండు గుక్కలకే నీళ్లు రావడం మానేస్తాయి. కార్బొరేటర్‌లో గాలి వెళ్లే దారి మధ్యలో సన్నబడుతుంది. సన్నటి చోట గాలి వేగం పెరుగుతుంది, వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. డేనియల్ బెర్నూలీ 1738లో రాసిన సూత్రం ఇదే. కింద గిన్నెలో ఉన్న పెట్రోలు మీద మాత్రం బయటి పీడనం మామూలుగానే ఉంటుంది. ఆ తేడాకే పెట్రోలు జెట్టు అనే సన్నటి రంధ్రమున్న ముక్క గుండా పైకి చిమ్ముతుంది. హంగరీలో డొనాట్ బాంకి, యానోష్ చోంకా ఇలాంటి యంత్రానికి 1893లో పేటెంటు తీసుకున్నారు. ఒక పూలమ్మి పూల మీద నీళ్లు చిమ్ముతుంటే చూసి వాళ్లకు ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు. నిజమో కాదో గానీ, తిరుపతిలో రోజూ పూలంగళ్ల ముందు తిరిగే నాకు నచ్చిన కథ.

ఈ ఒక్క విషయం తెలిస్తే సగం రిపేర్లు మనకే అర్థమవుతాయి. పెట్రోలు మీదికి బయటి గాలి రావాలి కాబట్టి ట్యాంకు మూతకు సన్నటి గాలి రంధ్రం ఉంటుంది. అది మట్టితో పూడుకుపోతే బండి నాలుగైదు కిలోమీటర్లు బాగా పోయి, ఆగుతుంది. మూత తీస్తే ఉస్సుమని చప్పుడు, మళ్లీ స్టార్టవుతుంది. ఇంజన్లో ఏ లోపమూ లేదు, పిన్నీసుతో పోయే జబ్బు. నేను చూసినంతలో, కార్బొరేటర్ పోయిందని కొత్తది వేయించుకున్నవాళ్లలో కొందరిది ఈ మూత సంగతే.

కింది గిన్నె విప్పితే ఫ్లోటు కనిపిస్తుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వు ఎలా పని చేస్తుందో ఇదీ అంతే. పెట్రోలు నిండితే ఫ్లోటు తేలి, ఒక సూదిని పైకి నెట్టి దారి మూస్తుంది. సూది మొనకు ఇసుక రేణువు అడ్డం పడితే చాలు, ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి రాత్రంతా పెట్రోలు కారుతుంది.

ఇక జెట్లు. ఇత్తడివి, రెండు. యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు మెయిన్ జెట్, అసలు తిప్పనప్పుడూ కొద్దిగా తిప్పినప్పుడూ స్లో జెట్, మధ్యలో అంతా పైనుంచి దిగే ఒక సూది చూసుకుంటాయి. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కన్నా సన్నం. గిన్నెలో నిలిచిపోయిన పెట్రోల్లో తేలికైన భాగం ఆవిరైపోయి, మిగిలింది బంకలాగా గట్టిపడుతుంది. తిరుపతి ఎండలకు రెండు నెలలు ఎక్కువే. ఆ బంక మొదట మూసేది అన్నిటికన్నా సన్నటి రంధ్రాన్నే. అప్పుడు ఐడిల్లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజను ఊరికే తిరిగేటప్పుడు, పెట్రోలు చాలదు. చోక్ వేస్తే గాలి దారి మూసుకుని లోపల పీడనం బాగా పడిపోతుంది, పెట్రోలు ఎక్కువ చిమ్ముతుంది, బండి బతుకుతుంది. తీస్తే మళ్లీ మొదటికే. మేస్త్రీ ఫోన్లో చెప్పిన మాట వెనకున్న తర్కం ఇంతే.

నేను చేసిన తప్పు ఇక్కడే. జెట్టును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాను, చుక్కంత వెలుగు కూడా రాలేదు. ఇంట్లో గిటార్ తీగ ముక్క ఒకటుంటే దూర్చి తిప్పాను. శుభ్రంగా వెలుగు కనిపించింది, సంతోషం వేసింది. బండి స్టార్టయింది కూడా, కానీ ఆ రోజు నుంచి నల్లపొగ వాసన, ప్లగ్గు మీద మసి. మేస్త్రీ దగ్గరికి పట్టుకెళితే జెట్టును గోటి మీద పెట్టుకుని చూసి నవ్వాడు.

"తీగ పెట్టి గెలికినారా సార్?"

"కొంచెం."

"జెట్టుకి ఇనుము చూపించకూడదు సార్. అది ఇత్తడి, అరిగిపోతాది."

రంధ్రం వెడల్పు పదో వంతు పెరిగితే దాని వైశాల్యం 21 శాతం పెరుగుతుంది. కంటికి తెలియని గీత, ఇంజనుకు మాత్రం అయిదింట ఒక వంతు ఎక్కువ పెట్రోలు. కొత్త జెట్టు కొనాల్సి వచ్చింది. జెట్టును కార్బొరేటర్ క్లీనర్‌లో కాసేపు నానబెట్టి, గాలి కొట్టి ఊదించాలి. మొండికేస్తే తీగకు బదులు ప్లాస్టిక్ బ్రష్షు పోగు వాడాలి.

విప్పే ముందు పెట్రోల్ కాక్ మూసి, డ్రెయిన్ స్క్రూ తీసి గిన్నెలోది సీసాలోకి పట్టుకోండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పాకుతుంది. అందుకే ఈ పని బయట చేయాలి, దేవుడి గదిలో దీపమో వంటింట్లో పొయ్యో వెలుగుతున్న ఇంట్లో కాదు. ఐడిల్లో గాలిని సర్దే ఎయిర్ స్క్రూ తీసేటప్పుడు ముందు మెల్లగా పూర్తిగా బిగించి, ఎన్ని చుట్లకు బిగిసిందో కాగితం మీద రాసుకోండి, తిరిగి అన్నే చుట్లు వదలాలి. మామూలుగా ఒకటిన్నర, రెండు చుట్లుంటుంది. చివరి సర్దుబాటు ఇంజను బాగా వేడెక్కాకే. నా అభిప్రాయం అడిగితే, మురికి పట్టిన కార్బొరేటర్‌ను స్క్రూలు తిప్పి బాగు చేయబోవడం జ్వరమొచ్చినప్పుడు థర్మామీటరు మార్చడంలాంటిది.

ఈమధ్య బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ మండడానికి సుమారు 9 పాళ్ల గాలే చాలు, కాబట్టి పాత జెట్లతో మిశ్రమం కొద్దిగా పలచనవుతుంది. అది తేమనూ పట్టుకుంటుంది, పాత రబ్బరు వాషర్లకూ పడదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక చాలా కొత్త బైకుల్లో కార్బొరేటర్ స్థానంలో, పెట్రోలును కరెంటుతో కొలిచి చిమ్మే ఇంజెక్షన్ వచ్చేసింది. మనలాంటి పాతబండివాళ్లు వాడని రోజుల్లో గిన్నె ఖాళీ చేసి పెట్టుకోవడమే మందు.

బాగైన బండిని పరీక్షించడానికి నాకు ఘాట్ రోడ్డు కన్నా మంచి చోటు తెలియదు. తిరుపతి ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే, తిరుమల 850 మీటర్లకు పైమాటే. అలిపిరి నుంచి పైకి వెళ్లేసరికి గాలి ఆరేడు శాతం పలచబడుతుంది. పెట్రోలు మాత్రం అందులో సగమే తగ్గుతుంది. గాలి పలచనైన సంగతి జెట్టుకు తెలియదు కదా! కొండ మీద పాత బండి కొంచెం మందంగా లాగడానికి ఇదీ ఒక కారణం. ఇద్దరు ఎక్కి కూర్చోవడం పెద్ద కారణం, అది వేరే సంగతి.

దిగేటప్పుడు కథ బ్రేకుది. నేను, మా ఆవిడ, బండి కలిపి 250 కిలోలనుకోండి. 690 మీటర్లు కిందికి దిగితే దాదాపు 17 లక్షల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. ఆరు లీటర్లకు కాస్త తక్కువ నీళ్లను 30 డిగ్రీల నుంచి మరిగించే వేడి అది. గాలి, టైర్లు కొంత తీసుకుంటాయి. మిగతాదంతా బ్రేకుల మీద పడితే, చక్రాల మధ్యనున్న గుప్పెడంత డ్రమ్ముల్లో, లోపలి గోడకు రాసుకునే రెండు జతల షూలు దాన్ని మింగాలి.

డ్రమ్ములో రెండు షూలున్నా రెండూ సమానంగా పని చేయవు. చక్రం తిరిగే దిశ ఒక షూను తనవైపు లాక్కుని డ్రమ్ముకు ఇంకా గట్టిగా నొక్కుతుంది. రెండోదాన్ని వెనక్కి నెడుతుంది. తలుపు కింద చెక్క ముక్క ఇరుక్కుంటే నెట్టేకొద్దీ బిగుసుకుంటుంది చూడండి, మొదటి షూ సంగతి అదే. అందుకే వేళ్లతో నొక్కితే, ఒక కేబులు సాయంతో, బండి ఆగుతుంది.

వెనక బ్రేకు సర్దడం చాలా సులువు. మెయిన్ స్టాండు వేసి, రాడ్డు చివరున్న నట్టు బిగిస్తూ చక్రం తిప్పండి. లోపల రాసుకునే చప్పుడు రాగానే అది పూర్తిగా పోయే దాకా వదలండి. పెడల్‌కు రెండు, మూడు సెంటీమీటర్ల ప్లే ఉండాలి. పెడల్ నొక్కినప్పుడు లివరు మీది బాణం గుర్తు హబ్బు మీది గీతను తాకితే షూలు అయిపోయినట్టే, ఇంక నట్టు బిగించి లాభం లేదు. డ్రమ్ము విప్పితే లోపలి దుమ్మును నోటితో ఊదకండి, పాత లైనర్లలో, అంటే షూల మీది రాసుకునే పొరలో, ఆస్బెస్టాస్ ఉండే అవకాశముంది. తడిగుడ్డతో తుడవాలి. అద్దంలా మెరిసే లైనరును ఎమరీ పేపరుతో తేలిగ్గా గరుకు చేయవచ్చు. గ్రీజు షూలను విడదీసే క్యామ్‌కు మాత్రమే, అదీ గోటితో తీసినంత. లైనరుకు అంటిందా, ఆ షూ పనికిరాదు.

డిస్కు బ్రేకులున్న బండైతే నేను కొంచెం భయపెడతాను. అందులో పోసే డాట్-4 రకం బ్రేకు నూనె గాల్లోంచి తేమను పీలుస్తుంది. కొత్తదైతే 230 డిగ్రీలకు గానీ మరగకూడదు. తేమ 3.7 శాతానికి చేరాక 155 డిగ్రీలకే మరిగినా నిబంధన ఒప్పుకుంటుంది. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు. నూనె నలగదు, ఆవిరి నలుగుతుంది. లివరు హ్యాండిలు దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి నూనె మార్చాలి. కానీ గాలి బుడగలు తీయడం తెలిసినవాళ్ల పక్కన కూర్చుని ఒకసారి చూశాకే చేయండి. మా బామ్మర్ది పల్సర్ ట్యాంకు మీద ఆ నూనె రెండు చుక్కలు వేసి పెయింటు ఊడగొట్టాను, తను ఇంకా మరిచిపోలేదు.

డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరంగా జరుగుతుంది. లివరు ఇంకా లోపలికి వస్తుంది, పట్టు తగ్గుతుంది. చాలామంది పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేసి, కొందరైతే ఇంజను కూడా ఆపి దిగుతారు. కుర్రప్పుడు నేనూ దిగినవాడినే. మూడో బ్రేకును ఇంట్లో పెట్టి వచ్చినట్టు అది.

ఆ మూడో బ్రేకు కార్బొరేటరే. గేర్లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, కార్బొరేటర్‌లో స్లైడ్ దిగి గాలి దారిని దాదాపు మూసేస్తుంది. చక్రం ఇంజనును తిప్పుతుంది, పిస్టన్ మూసిన గొంతులోంచి గాలి గుంజడానికి పెనుగులాడుతుంది. ఆ పెనుగులాట, లోపలి రాపిడి కలిసి బండిని వెనక్కి పట్టుకుంటాయి. ఆ వేడి డ్రమ్ములోకి పోకుండా ఇంజను రెక్కల మీంచి, సైలెన్సర్ లోంచి గాలిలో కలుస్తుంది. రెండో గేరైతే పట్టు ఇంకా ఎక్కువ. ఈ సమయమంతా ఇంజనుకు పెట్రోలు అందేది ఆ స్లో జెట్ నుంచే. అది మూసుకుపోతే మలుపులో క్లచ్ నొక్కగానే బండి చచ్చిపోతుంది.

కుర్రప్పుడు న్యూట్రల్‌లో దిగిన రోజున అలిపిరి దగ్గర ఆపి వెనక హబ్బు మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే చుయ్‌మన్నాయి. కొత్త జెట్టు వేశాక పోయిన నెల కొండకు వెళ్లాం. దర్శనం చేసుకుని, కొండ మీది జీఎన్‌సీ టోల్‌గేటు దాటగానే రెండో గేరు వేసి, మోకాళ్ల పర్వతం మీద నడకదారి పక్కగా మెల్లగా దిగాం. అలిపిరిలో మళ్లీ నాలుగు చుక్కలు చల్లాను. హబ్బు మీంచి జారి, దుమ్ములో రెండు చారలు చేసుకుంటూ నేల మీద పడ్డాయి.