చేను గట్టు, కాలవ గట్టు, మధ్యలో యూరియా

మొన్న సంక్రాంతికి కోనసీమలో మా ఊరెళ్ళినప్పుడు పాత సైకిల్ రిమ్ము ఒకటి చంకనెట్టుకుని చేలోకి వెళ్ళాను. దాన్ని గట్టు మీద పడేసి, రిమ్ము లోపల ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టడం, అంతే పని. ముందు కాలవ గట్టు మీద వేశా. ఏళ్ళ తరబడి ఎవరూ ఎరువు వెయ్యని మట్టి అది, మేకలూ గేదెలూ మేస్తుంటాయి. గరిక, తుంగ, గుంటగలగర, పొన్నగంటి, నేల ఉసిరి, అత్తిపత్తి, పిల్లిపెసర తీగ ఒకటి, పేరు తెలీనివి ఇంకో నాలుగైదు, ఏదీ చీలమండ దాటలేదు. తర్వాత వరిచేను గట్టు మీద వేశా. అక్కడ పచ్చదనం కళ్ళకి కొట్టొచ్చినట్టుంది, గడ్డి మోకాలెత్తు, కానీ దాన్ని పక్కకి తీసి చూస్తే గరిక, ఊద, ఒక తుంగ, అంతే.

"కలుపు లెక్కెట్టేదేంట్రా" అన్నారు మా బాబాయ్. చెప్పాను, రెండు గట్లకీ తేడా మీరు చల్లే యూరియానే బాబాయ్ అని. చేలో చల్లేటప్పుడు కొంత గట్టు మీద పడుతుంది, పైగా ప్రతి ఊడ్పుకీ గట్టు చెక్కి చేలో బురదే తీసి మెత్తుతాం కదా, ఆ బురదతో పాటు బలమంతా గట్టుకి చేరుతుంది.

బలం పెరిగితే అన్ని మొక్కలూ బాగుండాలి కదా, మరి రకాలెందుకు తగ్గాయి? ఈ ప్రశ్న మీద చాలా పాత ప్రయోగం ఒకటుంది. ఇంగ్లాండులో రోథామ్‌స్టెడ్ అనే చోట లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1856లో ఒక గడ్డి మైదానాన్ని మడులుగా విడగొట్టి ఒక్కో మడికి ఒక్కో ఎరువు వెయ్యడం మొదలెట్టారు, అది ఇవాళ్టికీ నడుస్తోంది. అంటే మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టడం పూర్తయిన నాలుగేళ్ళకి మొదలైంది అన్నమాట! ఏ ఎరువూ వెయ్యని మడిలో దగ్గరదగ్గర నలభై రకాల మొక్కలుంటే, నత్రజని (మన యూరియాలో ఉండే బలం అదే) బాగా దట్టించిన మడుల్లో గడ్డి దిగుబడి పెరిగింది గానీ రకాలు రెండు మూడుకి పడిపోయాయి. అమ్మోనియం సల్ఫేట్ వేసిన చోట మట్టి పుల్లబడిపోవడం కూడా ఒక కారణం. ఇంకో చిత్రం, నత్రజని లేకుండా భాస్వరం, పొటాష్ మాత్రమే వేసిన మడుల్లో చిక్కుడు జాతి మొక్కలు పుంజుకున్నాయి.

అసలు కిటుకు ఇక్కడుంది. మట్టి పేదగా ఉన్నప్పుడు పోటీ నేల కింద, వేళ్ళ మధ్య జరుగుతుంది. అక్కడ ఒక్కో మొక్కదీ ఒక్కో తెలివి. ఒకటి వేరు లోతుకి దింపుతుంది, ఒకటి పైపైన పాకుతుంది. చిక్కుడు జాతిదే అయిన పిల్లిపెసర అయితే నత్రజని కోసం ఎవరితోనూ కొట్లాడదు, గాల్లోంచే తెచ్చుకుంటుంది. ఒక మొక్క పీకి వేరు కడిగి చూడండి, ఆవగింజంత బుడిపెలుంటాయి, గోరుతో చిదిమితే లోపల లేత గులాబీ రంగు. నత్రజని పట్టే బ్యాక్టీరియా కాపురం అందులోనే, మొక్క వాటికి చక్కెర పెట్టి పోషిస్తుంది. యూరియా ఊరికే దొరుకుతుంటే ఆ పోషణ ఖర్చుకి ఫలితం ఉండదు, పక్కనున్న ఊద ఆ ఖర్చేమీ లేకుండా ఎత్తు పెరిగి దాని మీద నీడేస్తుంది.

అంటే పోటీ వేరు నుంచి వెలుతురుకి మారిపోయిందన్నమాట. మట్టిలో బలాన్ని పది మొక్కలు పది రకాలుగా పంచుకోగలవు గానీ ఎండ పైనుంచే వస్తుంది, ఎత్తున్నదే ముందు తాగేస్తుంది. 2009లో జ్యూరిక్ యూనివర్సిటీ వాళ్ళు దీన్ని భలే తేల్చారు: ఎరువేసిన గడ్డిలోనే కింద ట్యూబులైట్లు పెట్టి పొట్టి మొక్కలకి వెలుతురిచ్చారు, రకాలు తగ్గడం ఆగిపోయింది. ఎరువు విషమై కాదు, నీడే చంపుతోంది! నాకు చాలా ఇష్టమైన ప్రయోగం ఇది. గేదెలు మేసి ఎప్పటికప్పుడు పొట్టిగా ఉంచడం వల్లే కాలవ గట్టు మీద అన్ని రకాలు బతుకుతున్నాయని కూడా దీంతో నాకు అర్థమైంది.

రకాలు తగ్గితే ఏం పోయింది, గడ్డి ఎక్కువొస్తోంది కదా అన్నారు బాబాయ్. మంచి ప్రశ్నే. అమెరికాలో మిన్నెసోటాలోని సీడర్ క్రీక్‌లో 1982 నుంచి నత్రజని వేసి చూస్తున్నారు. 1988లో గట్టి కరువొచ్చినప్పుడు, ఎక్కువ రకాలున్న మడుల్లో గడ్డి తగ్గింది గానీ రెండు మూడు రకాలే మిగిలిన మడులు చాలా ఘోరంగా దెబ్బతిన్నాయి. ఇంకో మాట, అక్కడే కొన్ని మడులకి నత్రజని ఆపేసి చూస్తే ఇరవయ్యేళ్ళ తర్వాత కూడా పోయిన రకాలు సరిగ్గా తిరిగి రాలేదు. ఎండిన గడ్డి మందంగా పేరుకుపోయి విత్తనాన్ని మొలవనివ్వదు, అసలు ఆ విత్తనం చుట్టుపక్కల ఉంటే కదా మొలవడానికి.

మనకింకా కాలవ గట్లున్నాయి, లంకల్లో మేత భూములున్నాయి, విత్తనం అక్కడుంది. అందుకే బాబాయ్‌ని ఒకటే అడిగాను, కాలవ వైపు గట్టుకి మూరెడు దూరంలో యూరియా చల్లొద్దని, గడ్డి పెరిగినప్పుడల్లా గేదెలకి కోసెయ్యమని. సరే అన్నారు. రిమ్ము పాకలోనే వదిలొచ్చాను, వచ్చే సంక్రాంతికి మళ్ళీ అదే చోట వేసి చూడాలి.