రిపోర్టుకు అందని పాచి

మా నెల్లూరు వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ మద్రాసే. ఊరి పేరు చెన్నై అయి చాలా ఏళ్లయినా మా ఇళ్లలో మద్రాసనే అంటాం. గ్రీమ్స్ రోడ్డు పక్క సందుల్లో లాడ్జి మెట్లెక్కుతుంటే మన యాస వినపడుతుంది. తుంటి ఎముక విరిగిన నాన్న కోసం నేనూ అమ్మా అలాంటి లాడ్జిలోనే నెల పైగా ఉన్నాం. ఆపరేషన్ బాగానే జరిగింది. మమ్మల్ని ఏడిపించింది యూరిన్ ట్యూబు.

ఆపరేషన్ రోజు పెట్టిన ట్యూబు అలాగే ఉండిపోయింది. వారం దాటాక చలిజ్వరం. కల్చర్ రిపోర్టులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా పేరు, కింద మందుల పట్టిక. కొన్నిటి ఎదురుగా ‘ఎస్’, కొన్నిటి ఎదురుగా ‘ఆర్’. ఎస్ అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. ఎస్ ఉన్న ఇంజెక్షనే ఇచ్చారు. జ్వరం తగ్గింది. మందు ఆపిన నాలుగో రోజు మళ్లీ వచ్చింది. మళ్లీ కల్చర్, అదే సూడోమోనాస్, అదే మందు ఎదురుగా అదే ఎస్.

లొంగుతుందన్న క్రిమి లొంగకపోవడమేమిటి? రిపోర్టు తప్పేమో అనుకున్నాను. తప్పు కాదట. ల్యాబులో మూత్రం చుక్కను పోషక పదార్థమున్న పళ్లెం మీద రాసి, మొలిచిన క్రిముల మీద మందులు ప్రయోగిస్తారు. కడుపునిండా తిండి దొరికి జోరుగా పెరిగే క్రిములవి. నాన్న ట్యూబు లోపలి గోడకు అంటుకున్నవి అలా బతకడం లేదు.

గోడకు అంటుకున్న ఆ గుంపును బయోఫిల్మ్ అంటారు. పాచి అన్న మన మాట దానికి చక్కగా సరిపోతుందని నాకనిపిస్తుంది. బిందె లోపల చేతికి జారేది పాచి, పొద్దున లేవగానే పళ్ల మీద ఉండేదీ పాచే. (చెరువు మెట్ల మీద జారేదాంట్లో నాచు కూడా కలిసుంటుంది లెండి.) పంటి పాచిని భూతద్దం కింద పెట్టి అందులో కదిలే జీవుల్ని చూసింది హాలండ్‌లో బట్టల వ్యాపారం చేసిన లీవెన్‌హుక్, 1680లలో. ఆయన వెనిగర్‌తో పళ్లు కడుక్కుని మళ్లీ చూశాడు. పాచి పైపైన ఉన్నవే చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయి. నాన్న జ్వరం సంగతి కూడా ఇంచుమించు ఇదే.

క్రిమి ప్లాస్టిక్ మీద వాలి, అతుక్కుని, తన చుట్టూ జిగురు పోసుకుంటుంది. చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన తోటి క్రిముల నుంచి బయటపడ్డ డీఎన్ఏ, అన్నీ కలిస్తే ఆ జిగురు. మందు జిగురులోకి దిగలేకపోతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. కొన్ని మందులు నిజంగానే జిగురుకు అంటుకుని ఆలస్యమవుతాయి. చాలా మందులు మాత్రం దిగుతాయి. దిగాక వాటికి పని దొరకదు. పాచి అడుగున ఆక్సిజన్ అందదు, తిండి అందదు. అక్కడి క్రిములు పెరగడం దాదాపు మానేసి పడుకుంటాయి. పెన్సిలిన్ జాతి మందులు క్రిమి తన గోడ కట్టుకునేటప్పుడు ఆ పనిని చెడగొడతాయి. గోడే కట్టని క్రిమిని అవేం చేస్తాయి? అందుకే, విడిగా ఈదే క్రిమిని చంపే మోతాదుకు వంద రెట్లు, ఒక్కోసారి వెయ్యి రెట్లు ఇచ్చినా పాచిలో కొన్ని మిగులుతాయి.

మొండిగా మిగిలేవాటికి ‘పర్సిస్టర్లు’ అని 1944లో ఐర్లండ్ వైద్యుడు జోసెఫ్ బిగ్గర్ పేరు పెట్టాడు. పెన్సిలిన్‌లో స్టెఫిలోకాకస్ క్రిముల్ని ఉంచితే పది లక్షల్లో ఒకటి చొప్పున బతికాయి. విచిత్రమేమిటంటే వాటి సంతానాన్ని మళ్లీ పెంచి చూస్తే పెన్సిలిన్‌కు మామూలుగానే చచ్చాయి. రెండో రిపోర్టులోనూ ఎస్ రావడానికి కారణం ఇదే. ఇది మందును ఎదిరించడం కాదు, ఓర్చుకోవడం.

ఓర్పు ఎదిరింపుగా మారే చోటు కూడా పాచే, దిగులు అక్కడే. రకరకాల క్రిములు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి కాబట్టి జన్యువులు చేతులు మారడం తేలిక. మద్రాసుకు ఆ కథతో సంబంధముంది. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారస్వామి ప్రధాన రచయితగా 2010లో లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ అనే వైద్య పత్రికలో వచ్చిన పత్రం ఎన్‌డీఎమ్-1 జన్యువున్న క్రిములను చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37 నమూనాల్లో గుర్తించింది. చివరి అస్త్రాలుగా దాచుకున్న కార్బపెనెమ్ మందుల్ని ముక్కలు చేసే ఎంజైమ్ ఆ జన్యువు తయారీ. ఎన్‌డీఎమ్‌లో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ; పేరులో ఆ ఊరు ఉందని పెద్ద గొడవైంది. పేరు మీద చూపిన పట్టుదలలో సగం చేతులు కడుక్కునే అలవాటు మీద చూపి ఉంటే బావుండేది. 2012లో వైద్య సంఘాలు చెన్నైలోనే కూర్చుని, మందులకు లొంగని క్రిములను అదుపు చేయడానికి చెన్నై డిక్లరేషన్ రాశాయి. 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే మందుల జాబితా కింద కొన్ని యాంటీబయాటిక్స్‌ను డాక్టరు చీటీ చూసి, రిజిస్టరులో రాసి అమ్మాలి. మా వీధి మందుల షాపులో ఆ రిజిస్టరు నాకింకా కనపడలేదు.

మళ్లీ ట్యూబు దగ్గరికి. ట్యూబు ఉన్న ప్రతి రోజూ నూటికి మూడు నుంచి ఏడుగురికి మూత్రంలో కొత్తగా క్రిములు చేరతాయి. నెల రోజులుంచితే తప్పించుకునేవాళ్లు దాదాపు ఉండరు. మందు ఎంత మంచిదైనా పాచి పట్టిన ప్లాస్టిక్ లోపలుంటే విత్తనం అక్కడే ఉంటుంది. ఈ మాట నాకు చెప్పింది రాత్రి డ్యూటీ సిస్టర్, సగం తమిళం సగం తెలుగులో. “పెద్దాయన లేచి కూర్చుంటున్నారు కదండీ, ట్యూబు ఇంకా ఎందుకు? రేపు రౌండ్స్‌లో సార్‌ను అడగండి.” అప్పటిదాకా అడగాలని మాకు తోచలేదు. చార్టులో ఎవరూ ఆ ప్రశ్న రాసుకోలేదు కూడా.

అడిగాం. తీసేశారు. తీసిన ట్యూబును సిస్టర్ ట్రేలో పెట్టి చూపించింది. లోపలి అంచున తెల్లగా, జిగటగా ఏదో ఉంది. అమ్మ చూసి, “ఇది తోమకుండా నీళ్లు మార్చిన బిందె గదరా” అంది.

అదే ఇంజెక్షన్ ఇంకో వారం ఇచ్చి ఆపారు. నాలుగో రోజు రాత్రి గంటకోసారి నాన్న నుదురు తడిమి చూశాను. ఒళ్లు చల్లగానే ఉంది. ఆ మర్నాడు మధ్యాహ్నం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఊరికి బయల్దేరాం.